'సంతకం పెట్టారు కదా' అంటే బిల్లు మనం కట్టాల్సిందేనా?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. మా నాన్నకు 66 ఏళ్లు. ఊళ్లో పెట్టిన ఉచిత క్యాన్సర్ పరీక్షల శిబిరంలో ఆయనకు మలంలో రక్తం పడుతోందని చెప్పి హైదరాబాద్‌లోని ఒక పెద్ద ఆసుపత్రికి రమ్మన్నారు. పెద్దపేగులో గడ్డ ఉందని ఆపరేషన్ చేశారు. ఆ ఖర్చు మేమే పెట్టుకున్నాం. ఆపరేషన్‌కు ముందు రోజు "కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా కొత్త మందు ఇస్తాం, ఇదొక స్టడీ, మందు ఫ్రీ" అని చెప్పి ఇంగ్లీషు కాగితాల మీద మా తమ్ముడి చేత సంతకాలు పెట్టించుకున్నారు. నాన్న స్పృహలోనే ఉన్నారు, తెలుగు చదువుతారు కూడా. ఆయన్ని మాత్రం ఎవరూ అడగలేదు. ఇంటికి వచ్చాక కూడా ఆ మందు వాడుతుండగానే కడుపులో రక్తస్రావమై మళ్లీ చేర్చాల్సి వచ్చింది. పదకొండు రోజులున్నారు, అందులో ఐసీయూలోనే ఆరు రోజులు. బిల్లు 4 లక్షల 60 వేలు వేశారు. "మందుకూ దీనికీ సంబంధం లేదు, వయసు, బీపీ వల్ల వచ్చింది. పైగా మీరు సంతకం పెట్టారు" అంటున్నారు. సగం కట్టాం. ఇక ఏ ఫిర్యాదూ చేయబోమని రాసిస్తే మిగతాది మాఫీ చేస్తామంటున్నారు. రాసివ్వమంటారా? ఆ శిబిరంలో ఊళ్లో చాలామంది దగ్గర రక్తం తీసుకుని కొందరి చేత వేలిముద్రలు కూడా వేయించారు. దాని సంగతేమిటి?

జవాబు: ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. మిగతాదంతా దీని తర్వాతే.

ట్రయల్‌లో, అంటే మీకు 'స్టడీ' అని చెప్పిన మందు పరీక్షలో, చేర్చుకునేటప్పుడే "ఏం జరిగినా కోర్టుకు వెళ్లను" అని రాయించుకుంటే అది కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ కింద చెల్లదు. మీ ముందు పెట్టిన కాగితం అలాంటిది కాదు. గొడవ వచ్చాక, డబ్బు మాఫీ చేయించుకుని, ఇష్టపూర్వకంగా చేసుకున్న రాజీకి కోర్టులు విలువ ఇస్తాయి. రేపు మీరు కేసు వేస్తే ఆసుపత్రి వకీలు మొదట చూపించేది దాన్నే. బలవంతంగా రాయించుకున్నారని రుజువు చేయాల్సిన భారం మీ మీద పడుతుంది. రెండు లక్షల ముప్పై వేల మాఫీ కోసం ఇంత హక్కు వదులుకోవద్దు. ఎందుకంటే, నాకు కనిపిస్తున్నంతవరకు, ఆ బిల్లు అసలు మీకు వేయాల్సింది కాదు.

మన దేశంలో మనుషుల మీద కొత్త మందులు పరీక్షించడానికి 'కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు, 2019' అని ఉన్నాయి. వాటిలో 40వ నియమాన్ని మీరు గట్టిగా పట్టుకోవాలి. ట్రయల్‌లో ఉన్న మనిషికి ఏ హాని జరిగినా, ఆ ట్రయల్ చేయిస్తున్న కంపెనీ, అంటే స్పాన్సర్, అతనికి ఉచితంగా వైద్యం చేయించాలి. ట్రయల్ నడిపే డాక్టర్, అంటే ఇన్వెస్టిగేటర్, అవసరం అన్నంతకాలమో, ఆ హానికి ట్రయల్‌తో సంబంధం లేదని తేలేవరకో, ఏది ముందైతే అంతవరకు. ఇందులో వరుస ఏమిటో గమనించండి. ముందు వైద్యం, తర్వాత కారణం. మందు వల్లే వచ్చిందని మీరు రుజువు చేశాక వైద్యం చేయిస్తామని నియమం చెప్పడం లేదు. సంబంధం లేదని తేలేదాకా ఖర్చు వాళ్లదే అంటోంది. బిల్లింగ్ కౌంటర్ దగ్గరో, రౌండ్స్‌లోనో ఒక డాక్టర్ "వయసు వల్ల" అన్నంత మాత్రాన తేలినట్టు కాదు. అది తేల్చడానికి వేరే పద్ధతి ఉంది, కిందకి వస్తాను.

ఇప్పుడు సంతకం గురించి. మీ తమ్ముడి సంతకానికి ఈ కేసులో పెద్దగా బలం లేదు. రోగి స్పృహలో లేకపోయినా, మైనర్ అయినా, తీవ్రమైన మానసిక జబ్బు వల్ల నిర్ణయం తీసుకోలేకపోయినా అతని తరఫున మరొకరు సంతకం చేయవచ్చు. మీ నాన్నగారు ఈ మూడింటిలో దేనికిందకీ రారు. ఒంట్లోకి వెళ్లే మందు ఆయనది, ఒప్పుకోవాల్సిందీ ఆయనే. మన ఇళ్లలో పెద్దవాళ్లకు టెన్షన్ పెట్టకూడదని పిల్లలే అన్నీ చూసుకుంటారు. ఆసుపత్రులు కూడా దానికి అలవాటు పడిపోయాయి. ఈ అలవాటును చట్టం ఒప్పుకోదు. ఆయనకు చదువు రాకపోయినా, పద్ధతి మొత్తం జరుగుతున్నంతసేపు నిష్పక్షపాతమైన సాక్షి పక్కనే ఉండి సంతకం చేయాలి. కాగితం ఆయనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. తెలుగు మాత్రమే చదివే మనిషికి ఇంగ్లీషు కాగితం ఇచ్చి ఒప్పుకున్నాడంటే ఎలా?

ఆపరేషన్‌కు ఇచ్చిన అంగీకారం స్టడీకి కూడా వర్తిస్తుందని ఎవరైనా అంటే అదీ నిలవదు. సమీరా కోహ్లీ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. పరీక్ష కోసం లాపరోస్కోపీకి (కడుపులోకి సన్నని గొట్టం పంపి చూడటానికి) ఒప్పుకున్న స్త్రీకి, ఆమె మత్తులో ఉండగా, తల్లి అనుమతితో గర్భసంచి తీసేశారు. ఒకదానికి ఇచ్చిన అంగీకారం ఇంకోదానికి పనికిరాదని, పెద్దామె అయిన రోగి విషయంలో తల్లి అనుమతి చాలదని కోర్టు చెప్పింది. మీ తమ్ముడి సంతకానికీ ఈ మాట సరిపోతుంది.

ఒకవేళ సంతకం పద్ధతిగానే తీసుకున్నారనుకుందాం. అప్పుడు కూడా నష్టపరిహారం హక్కు పోదు. ట్రయల్ కాగితాల్లోనే హాని జరిగితే వైద్యం, పరిహారం ఎవరిస్తారో, ఎథిక్స్ కమిటీని (ట్రయల్‌కు అనుమతి ఇచ్చి, అందులో చేరినవారి క్షేమం చూసే కమిటీని) ఎలా సంప్రదించాలో రాసి ఉండాలి. రోగి వార్షిక ఆదాయం, నామినీ పేరు రాసే గళ్లు కూడా ఉంటాయి. అవి పరిహారం లెక్క కోసమే. అంటే ఆ సంతకం మీ హక్కులు రాసి ఉన్న కాగితం మీదే పడింది. దాని కాపీ మీకు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఈరోజే అడగండి. వీడియో రికార్డింగ్ ఉందా అని కూడా అడగండి. పూర్తిగా కొత్త రసాయన మందు అయి, రోగి బలహీన స్థితిలో ఉన్న వర్గానికి చెందితే అంగీకారం తీసుకోవడాన్ని రికార్డు చేసి ఉంచాలి.

అసలు పోరాటం కారణం దగ్గరే జరుగుతుంది. స్వాస్థ్య అధికార్ మంచ్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో కేంద్రం సుప్రీంకోర్టుకు ఇచ్చిన లెక్క ప్రకారం, 2005 నుంచి 2012 మధ్య వరకు జరిగిన కొత్త మందుల ట్రయల్స్‌లో 2,644 మంది చనిపోగా, అందులో ట్రయల్ వల్ల అని తేల్చినవి 80. జబ్బుతో ఉన్నవాళ్లే ట్రయల్స్‌లో చేరతారు కాబట్టి చాలా మరణాలు జబ్బు వల్లే జరిగి ఉండవచ్చు, దాన్ని నేను కాదనను. కానీ ప్రతిసారీ జబ్బు మీదకు నెట్టేయడం ఎంత తేలికో కూడా ఆ లెక్కలో కనిపిస్తుంది. అందుకే ఇప్పటి నియమాలు కారణం తేల్చే పని ఆసుపత్రి ఒక్కదాని చేతిలో పెట్టలేదు.

పద్ధతి ఇలా ఉంటుంది. తీవ్రమైన హాని జరిగిన 24 గంటల్లో ఇన్వెస్టిగేటర్ డాక్టర్ ముగ్గురికి తెలపాలి: ఢిల్లీలోని కేంద్ర లైసెన్సింగ్ అధికారికి, అంటే డ్రగ్స్ కంట్రోలర్ జనరల్‌కు, స్పాన్సర్‌కు, ఎథిక్స్ కమిటీకి. ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చిందంటేనే అది తీవ్రమైన హాని కిందకు వస్తుంది, మీ నాన్నగారు ఐసీయూలోనే ఉన్నారు. 14 రోజుల్లో డాక్టర్, స్పాన్సర్ విశ్లేషణ పంపాలి. హాని రిపోర్టు అందిన 30 రోజుల్లో ఎథిక్స్ కమిటీ తన అభిప్రాయం చెప్పాలి. డ్రగ్స్ కంట్రోలర్ కావాలంటే స్వతంత్ర నిపుణుల కమిటీ వేసి, రిపోర్టు అందిన 90 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. ఆ ఉత్తర్వు అందిన 30 రోజుల్లో స్పాన్సర్ డబ్బు కట్టాలి. మీ కేసులో ఆ మొదటి 24 గంటల రిపోర్టు వెళ్లిందా లేదా అన్నది నాకు అన్నిటికంటే ముఖ్యం. వెళ్లకపోతే వాళ్ల "సంబంధం లేదు" అన్న మాటకు ఆధారమే లేదు.

మందు ప్రభావం ఒక్కటే కాదు, ప్రోటోకాల్ (ట్రయల్ ఎలా చేయాలో ముందే రాసుకున్న పద్ధతి) ఉల్లంఘన, డాక్టర్ లేదా స్పాన్సర్ నిర్లక్ష్యం, ట్రయల్ కోసం చేసిన ఏ ప్రక్రియ వల్ల హాని జరిగినా అది ట్రయల్‌కు సంబంధించినదే అని 41వ నియమం అంటుంది. ఇక్కడ మీకున్న బలహీనత కూడా చెప్పాలి. ఇలాంటి స్టడీల్లో సగం మందికి కొత్త మందు, సగం మందికి మామూలుగా ఇచ్చే పాత మందు ఇస్తారు. ఎవరికి ఏది వెళ్లిందో చాలాసార్లు డాక్టర్‌కు కూడా తెలియదు. మీ నాన్నగారికి వెళ్లింది పాత మందే, మామూలు మోతాదులోనే అని తేలితే పరిహారం వాదన బాగా బలహీనపడుతుంది. అందుకే ఎవరికి ఏ మందో దాచి ఉంచే కోడ్ విప్పి ఏ మందు ఇచ్చారో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. బీపీ, వయసు అంటున్నారు కదా, ఆ రెండూ చేర్చుకునే రోజే వాళ్లకు తెలుసు. రక్తస్రావం ముప్పు ఉన్న మనిషిని ప్రోటోకాల్ ప్రకారం చేర్చుకోవచ్చా అన్నది వాళ్లు జవాబు చెప్పాల్సిన ప్రశ్న.

ఇప్పుడు చేయాల్సిన పని. మీ నాన్నగారి సంతకంతో కేస్ షీట్ మొత్తం కావాలని దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. వైద్య మండలి 2002 నాటి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. సీటీఆర్‌ఐ అనే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వెబ్‌సైట్‌లో ఆ నంబర్ కొడితే స్పాన్సర్ ఎవరు, ఏ ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంది, ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని చేర్చుకోకూడదు అన్నీ కనిపిస్తాయి. ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. తర్వాత ఎథిక్స్ కమిటీ చైర్‌పర్సన్‌కు ఫిర్యాదు రాయండి. అది ఆసుపత్రి మనుషుల కమిటీయే కదా అని వదిలేయకండి. అందులో సగం మంది బయటివాళ్లుండాలి, చైర్‌పర్సన్ బయటివారై ఉండాలి, న్యాయం తెలిసినవారు ఒకరు, సామాన్యులు ఒకరు ఉండాలి. అదే ఫిర్యాదు స్పాన్సర్‌కూ, డ్రగ్స్ కంట్రోలర్‌కూ స్పీడ్ పోస్టులో పంపండి. సెంట్రల్ డ్రగ్స్ సంస్థ జోనల్ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది, అక్కడ కూడా ఒక కాపీ ఇవ్వండి. నెల గడిచినా ఉలుకూ పలుకూ లేకపోతే పది రూపాయల సమాచార హక్కు దరఖాస్తుతో "మా నాన్నగారి విషయంలో రిపోర్టు ఏ తేదీన అందింది" అని అడగండి. వకీలు అవసరం లేకుండా మీరే రాయగలరు.

డబ్బు ఎంత వస్తుంది? ఉన్నదున్నట్టు చెప్తాను. మీ నాన్నగారు పూర్తిగా కోలుకుంటే పరిహారం చాలా తక్కువ. ఢిల్లీలో నైపుణ్యం లేని కూలీకి ఉండే కనీస రోజు కూలిని ఆసుపత్రిలో ఉన్న రోజులతో గుణించి, దానికి రెట్టింపు. పదకొండు రోజులకు అంటే ఇరవై రెండు రోజుల కూలి. ఐసీయూలో పడ్డ బాధకు ఇది విలువ కట్టినట్టా? నేను దీన్ని అన్యాయమనే అంటాను. కానీ ఈ పరిహారం వైద్యం ఖర్చుకు అదనం, దాని బదులు కాదు. కాబట్టి మీ అసలు డబ్బు 4 లక్షల 60 వేల బిల్లులోనే ఉంది. కట్టిన సగం వాపసు, మిగతా సగం రద్దు అడగండి.

శాశ్వత వైకల్యం ఏదైనా మిగిలితే లెక్క మారుతుంది. దానికి మరణ పరిహారమే ఆధారం. 8 లక్షల మూల మొత్తాన్ని వయసుకు తగ్గ అంకెతో, జబ్బు తీవ్రతకు తగ్గ 0.5 నుంచి 4 దాకా ఉండే అంకెతో గుణించి 99.37తో భాగిస్తారు. 65 దాటినవారికి వయసు అంకె కూడా 99.37 కాబట్టి అది కొట్టుకుపోతుంది. జబ్బు అంకె 2 అనుకుంటే 16 లక్షలు. వైకల్యం 40 శాతమైతే అందులో 40 శాతానికి మళ్లీ 90 శాతం, అంటే 5 లక్షల 76 వేలు. డాక్టర్ చేత వైకల్యం ఉందో లేదో ఇప్పుడే రాయించుకోండి.

ఆపరేషన్‌కు మీరు డబ్బు కట్టారు కాబట్టి వినియోగదారుల కమిషన్ దారి కూడా ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు, హైదరాబాద్ తిరగనక్కర్లేదు. గడువు రెండేళ్లు. క్రిమినల్ కేసు పెడదామని ఎవరైనా ఉసిగొల్పితే తొందరపడకండి, దానికి చాలా ఘోరమైన నిర్లక్ష్యం రుజువు కావాలి.

ఇక శిబిరం. జబ్బు ముందే కనిపెట్టే పరీక్షలు మంచివి, మీ నాన్నగారి గడ్డ బయటపడింది కూడా అక్కడే. పరీక్ష కోసం తీసిన రక్తాన్ని పరిశోధనకు వాడాలంటే మాత్రం ఆ సంగతి చెప్పి విడిగా అంగీకారం తీసుకోవాలి. మందు లేని ఇలాంటి పరిశోధనలకు, ఆపరేషన్ పద్ధతులను పోల్చే స్టడీలకు ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు వర్తిస్తాయి, వాటికీ ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. వేలిముద్రలు అన్నారు కాబట్టి ఒక సంగతి చెప్పాలి. 2009లో ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. కొందరు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమం ఆపేశారు. మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ కమిటీ చెప్పింది. అంగీకారం మాట వేరు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 9,543 పత్రాల్లో 1,948 వేలిముద్రలవి, 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. టీకా మంచిదే కావచ్చు, ఆ సంతకాలు తప్పే. ఆ పిల్లల తల్లిదండ్రులను అడిగే తీరిక అప్పుడు ఎవరికీ లేకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మీ ఊరివాళ్లు శిబిరం నడిపిన సంస్థకు ఒక ఉమ్మడి ఉత్తరం రాయవచ్చు: మా రక్తం దేనికి తీసుకున్నారు, ఏ ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంది, ఫలితాలు మాకు ఎప్పుడు ఇస్తారు అని. పరిశోధన అయితే, వద్దనుకున్నవాళ్లు ఇప్పుడైనా తప్పుకోవచ్చు. మీ నాన్నగారు కూడా కారణం చెప్పకుండానే ట్రయల్ నుంచి బయటికి రావచ్చు, దానివల్ల ఆయన క్యాన్సర్ వైద్యం ఆపడానికి వీల్లేదు. కానీ ఫాలోఅప్ పరీక్షలు మాత్రం మానిపించకండి. ఆయన ఆరోగ్యానికి అవి అవసరం, అక్కడ నమోదయ్యే రక్తం రిపోర్టులు రేపు మీ కేసుకూ పనికొస్తాయి. ప్రతి రిపోర్టు ఫొటో తీసి, తేదీ వారీగా మీ దగ్గరే పెట్టుకోండి.