మా ఊరి రాజహంసలను నేను చెత్తకుప్ప పక్కన చూశాను

చెన్నైలో ఐటీ ఉద్యోగం, అపార్ట్‌మెంట్ బతుకు ఉన్నవాడికి పక్షులు, జంతువుల మీద ఇష్టం ఎక్కడ మొదలవుతుంది అని కొందరు అడిగారు. నాకైతే చెత్తకుప్ప పక్కన మొదలైంది.

ఇల్లు కీల్కట్టళైలో, ఆఫీసు ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో. రోజూ రేడియల్ రోడ్డు మీదే క్యాబ్. ఆ రోడ్డు పళ్లికరణై చిత్తడినేల మధ్య నుంచి పోతుంది, ఒక పక్క పెరుంగుడి చెత్త గుట్ట. అక్కడికి రాగానే అందరం అద్దాలు ఎక్కించేసేవాళ్లం. నాలుగేళ్లు అలాగే తిరిగాను. ఒక జనవరిలో ట్రాఫిక్‌లో బండి ఆగినప్పుడు, దూరంగా నీళ్లలో లేత గులాబీ రంగు కనిపించింది. 'ఏంటన్నా అవి?' అంటే, 'పూనారై సార్' అన్నాడు డ్రైవరన్న, అదేం ప్రశ్న అన్నట్టు.

పూనారై అంటే ఫ్లెమింగో, మన రాజహంస. నాది సూళ్లూరుపేట. ఫ్లెమింగో ఫెస్టివల్ జరిగే ఊరు! ఫెస్టివల్‌కు వెళ్లి స్టేజీ మీద డాన్సులు చూసి, బజ్జీలు తిని వచ్చానే తప్ప, శ్రీహరికోట రోడ్డు పక్కన పులికాట్‌లో నిలబడ్డ అసలు పక్షుల వైపు తల తిప్పిన పాపాన పోలేదు. 80 కిలోమీటర్లు వచ్చి ఇక్కడ నోరెళ్లబెట్టినందుకు సిగ్గేసింది.

ఆ శనివారం పొద్దున్నే ఒక్కణ్నే వెళ్లాను. అక్కడ నడవడానికి బాట ఉంది. రాజహంసలు చాలా దూరంలో ఉన్నాయి. నన్ను పట్టేసింది వేరే పక్షి. ఒడ్డున జమ్ములో నీలం రంగు నీటికోడి, ఎర్రటి ముక్కు, ఎర్రటి కాళ్లు. జమ్ము కాడ ఒకటి పీకి, కాలి వేళ్లతో పట్టుకుని నోటి దగ్గరికి తెచ్చుకుంది. మనం చెరుకుగడ తిన్నట్టే, పైపొర ఒలిచి పడేసి లోపలి తెల్లటి భాగం మాత్రం నమిలింది. కాడ అయిపోయాక ఇంకొకటి. నేను టిఫిన్ సంగతే మర్చిపోయాను.

తర్వాత నేను చేసిన తెలివితక్కువ పని, ఈఎంఐ మీద కెమెరా కొనడం. ఆరు నెలలు ఫొటో సరిగ్గా రాలేదన్న టెన్షన్ తప్ప పక్షిని చూసింది లేదు. మీరు ఆ పని చేయకండి. 8×42 బైనాక్యులర్ ఒకటి చాలు: 8 రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు, పొద్దున్న మసక వెలుతురులో కూడా బాగా కనిపిస్తుంది. చూసిన పక్షి పేరు తెలుసుకోవడానికి మెర్లిన్ అనే యాప్ ఉంది, ఉచితం. వలస బాతులు చూడాలంటే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య వెళ్లండి.

పక్షుల కోసం తిరుగుతుంటే నీళ్ల దారి కూడా తెలిసింది. మా కీల్కట్టళై చెరువు నిండితే నారాయణపురం చెరువుకు, అక్కణ్నుంచి పళ్లికరణైకి, ఒక్కియం మడువు మీదుగా బకింగ్‌హామ్ కాలువకు, చివరికి కోవళం దగ్గర సముద్రానికి. 2015 వరదల్లో మా పార్కింగ్‌లో మోకాళ్ల లోతు నీళ్లు నిలిస్తే వానను తిట్టుకున్నాను. ఆ నీళ్లు పోవాల్సిన చోట మట్టి నింపి అపార్ట్‌మెంట్లు కట్టారని, వాటి ప్రకటనలు చూసి నేనూ ఫోన్ చేశానని అప్పట్లో తట్టలేదు. మిగిలిన కాస్త చిత్తడినేలకు 2022లో రామ్‌సర్ గుర్తింపు, అంటే ముఖ్యమైన చిత్తడినేలలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చింది.

గిండీ పార్కులో కృష్ణజింకలు ఉన్నాయి కానీ లోపలి అడవిలోకి మనల్ని వదలరు. దానికన్నా తాబేళ్ల నడక మేలు. జనవరి నుంచి బీసెంట్ నగర్, నీలాంకరై తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. 1988 నుంచి విద్యార్థులే రాత్రంతా తీరం వెంట నడిచి, ఆ గుడ్లను కంచె వేసిన చోటికి మారుస్తున్నారు. మనమూ వెళ్లవచ్చు. నేను మూడుసార్లు వెళ్తే తల్లి తాబేలు ఒక్కసారే కనిపించింది. మిగతా రెండుసార్లు కాళ్లనొప్పులే.

తమిళనాడులో పొంగల్ రోజుల్లో పక్షులను లెక్కపెట్టే అలవాటు ఒకటుంది. ఎక్కడైనా పావుగంట నిలబడి, కనిపించినవి రాసి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టడమే. నేను సంక్రాంతికి ఊరెళ్తాను, మా ఊరు ఆంధ్రలోది, కాబట్టి ఆ లెక్కలోకి రాదు. అయినా మొన్న పండక్కి నాన్నను బండి మీద శ్రీహరికోట రోడ్డుకు తీసుకెళ్లాను. 'వీటిని చూడటానికా తెల్లారకుండా లేపావు?' అని విసుక్కున్నాడు. బైనాక్యులర్ ఇచ్చి లెక్కపెట్టమన్నాను. 200 దాకా వచ్చాక గుంపు లేచి పక్కకు వాలింది. 'ఉండరా, మాట్లాడించకు' అని మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు.