పద్యనాటకం డైరెక్ట్ చేసేటప్పుడు నటుణ్ణి పద్యంలో ఎక్కడ ఆపాలి?

పాదం చివర కాదు, అర్థం తెగిన చోట ఆపించాలి. పాదం ఛందస్సు లెక్క. వాక్యం దానికి లోబడదు, ఒక పాదంలో మొదలై మూడో పాదం దాకా కూడా పోతుంది. ప్రేక్షకుడు చెవితోనే అర్థం చేసుకోవాలి కాబట్టి విరుపు తప్పితే మాటే పోతుంది.

తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగం'లో, రాయబారం సీనులో కృష్ణుడి 'జెండాపై కపిరాజు' పద్యం చూడండి. మూడో పాదం 'ఒ' దగ్గర ముగుస్తుంది, నాలుగోది 'క్కండున్' అని మొదలవుతుంది. అక్కడ ఊపిరి తీసుకుంటే 'ఒక్కండున్' అనే మాట రెండు ముక్కలవుతుంది. నీ మొర ఒక్కడూ వినడు అన్న బెదిరింపు పదును అక్కడే ఉంది మరి! అందుకే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ముందే స్క్రిప్టులో గీత పెట్టి, హార్మోనిస్టుకూ చెప్పాలి. రాగం సాగదీయడం పద్యం అయ్యాక.

యతి దగ్గర ఆగాలని చాలామంది అనుకుంటారు. సంస్కృతంలో యతి అంటే విరామమే. తెలుగులో మాత్రం అది అక్షరమైత్రి, అంటే పాదం మొదటి అక్షరానికీ మధ్యలో ఒక అక్షరానికీ ఉండే పొత్తు. పై పద్యం మొదటి పాదంలో 'జెం'కి 'వాజి' (గుర్రం)లోని 'జి' యతి. అక్కడ ఆపితే గుర్రమే విరిగిపోతుంది.