గుడికని చెప్పి ఐస్‌క్రీమ్‌కి

ప్రశ్న: నా వయసు 33. ప్రైవేటు ఉద్యోగం. పెళ్లై మూడేళ్లయింది. మా ఆవిడ స్కూల్లో టీచర్. విద్యానగర్‌లో అమ్మానాన్నలతో కలిసే ఉంటాం. నాన్న గవర్నమెంటు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. బయటి తిండి, షికార్లు ఆయనకు గిట్టవు. అందుకని చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికని చెప్పి బయల్దేరి, ట్యాంక్‌బండ్ మీద కాసేపు కూర్చుంటాం. లేదంటే మొజంజాహీ మార్కెట్‌కి వెళ్లి ఐస్‌క్రీమ్ తింటాం. ఇంటికొచ్చాక అమ్మ వడ్డిస్తే ఆకలి లేకపోయినా మళ్లీ తింటాం. లాడ్‌బజార్‌లో నేను కొన్న గాజులు కూడా వాళ్లమ్మ పంపిందని మా ఆవిడ ఇంట్లో చెప్పింది. మొదట్లో తనకూ ఇదంతా సరదాగానే ఉండేది. జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి వెళ్లొచ్చాం. చొక్కా జేబులో టికెట్లు నాన్న కంటపడ్డాయి. గొడవెందుకని ‘తనే పట్టుబట్టింది’ అనేశాను. తను వంటింట్లో ఉండి విన్నది. నాన్న పెద్దగా ఏమీ అనలేదు. కానీ అప్పట్నుంచి ఎక్కడికి రమ్మన్నా ‘తలనొప్పి’, ‘పేపర్లు దిద్దాలి’ అంటోంది. ఎప్పుడూ అవే చోట్లని విసుగొచ్చిందేమో. దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి, గోల్కొండ లైట్ షో అన్నా ఊ అనడం లేదు. గోవా తీసుకెళ్తే మామూలవుతుందా? ఊళ్లోనే ఇంకేమైనా మంచి చోట్లున్నాయా?

– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: గోవా వద్దు. టికెట్లు కొని ఉంటే క్యాన్సిల్ చేయండి. ఇక ఊళ్లో మంచి చోట్లంటారా, ఆ జాబితా నేనివ్వక్కర్లేదు. మీ ఇంటికి దగ్గర్లోనే హుస్సేన్‌సాగర్ ఉంది. అందులో బుద్ధుణ్ని నిలబెట్టింది 1992లో, అంటే ఇంచుమించు మీ ఈడువాడే. ఆయన ఎదురుగా కూర్చుని మిర్చి బజ్జీ తినడం మూడేళ్లకే విసుగొచ్చే పని కాదు. ఈ ఊళ్లో జంటలు పిల్లలు పుట్టాక కూడా అదే గట్టు మీదికి వస్తున్నాయి.

గుడి గురించి, గాజుల గురించి తీరిగ్గా రాశారు. ‘తనే పట్టుబట్టింది అనేశాను’ అన్నది మాత్రం ఒక్క ముక్కలో దాటేశారు. నేను అక్కడే ఆగిపోయాను. ఆమె నిజంగా పట్టుబట్టిందా? అలాగని మీరూ రాయలేదు. పోనీ, పట్టుబట్టిందే అనుకుందాం. తప్పేముంది? నుమాయిష్ 1938లో మొదలైన ఎగ్జిబిషన్. మామూలుగా ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఊరంతా నాంపల్లి వైపే నడుస్తుంది. చిన్నప్పుడు మీ నాన్నగారే మిమ్మల్ని అక్కడి బుల్లి రైలు ఎక్కించారేమో గుర్తు చేసుకోండి. అలాంటి చోటికి కట్టుకున్న భార్యతో వెళ్లడం నేరమైనట్టు, ఆ నేరం ఆమే చేసినట్టు చెప్పారు.

నాన్నగారు ఏమీ అనలేదని మీరు ఊపిరి పీల్చుకున్నారు. ఆమెకు అదే పెద్ద కష్టం. ఆయన ఓ మాట అంటే ఆమె ఓ మాట చెప్పుకునేది. ఇప్పుడు మామగారి మనసులో తాను కొడుకు చేత డబ్బు తగలేయించే కోడలు. ఆ పేరుతోనే పొద్దున్నే ఆయనకు టిఫిన్ పెట్టాలి, అదే హాల్లో తిరగాలి. కొత్తలో దొంగచాటు షికార్లు ఎవరికైనా సరదాగానే ఉంటాయి. దొరికిపోయిన రోజు పక్కన నిలబడే మనిషి ఉన్నంతవరకే ఆ సరదా. మీరు నిలబడలేదు, ఆమెను ముందుకు తోశారు. ఇప్పుడు ఆమె రానంటే నాకు ఆశ్చర్యం లేదు. రాకపోవడమే మర్యాద. (పేపర్లు దిద్దాల్సిన మాట నిజమే కావచ్చు కూడా. టీచర్లకు ఆ పని ఎప్పుడూ తెమలదు.)

గాజుల సంగతి ఇంకా బాధగా ఉంది. మొగుడు కొన్న గాజులు నలుగురికీ చూపించి ‘ఆయన తెచ్చారు’ అని చెప్పుకోవాలని ఏ ఇల్లాలికి ఉండదు? అవి పుట్టింటివని చెప్పుకోవాల్సి వచ్చింది. మీ అమ్మగారు మాటల్లో మాటగా వియ్యపురాలితో ‘గాజులు బాగున్నాయండీ’ అని ఉంటే, ఆ తల్లి ఫోన్లో ఏం తడుముకుందో ఎప్పుడైనా అడిగారా? చిక్కడపల్లి స్వామికి మీరు బాకీ పడ్డ దర్శనాలు సరే, ఆయన ఓర్చుకుంటాడు.

మీ ఆవిడ మామూలవుతుందా అని అడిగారు. ఆమెకేమీ కాలేదు. మీకూ మీ నాన్నగారికీ మధ్య సరిగ్గా లేదు. 33 ఏళ్లొచ్చి, సంపాదిస్తూ, ప్రోగ్రెస్ కార్డు దాచుకునే పిల్లాడిలా ఆయన ముందు తిరుగుతున్నారు. ఆయన్ని నేను పిసినారి అనను. ఒక్క జీతంతో ఇల్లు గడిపి, పిల్లల్ని చదివించిన తరం. ఒకటో తారీఖున వచ్చిన జీతం ఇరయ్యో తారీఖుకు ఏ గతి పట్టేదో మీ అమ్మగారిని అడగండి, కథలు కథలుగా చెబుతారు. బయటి తిండి తింటే జబ్బు, జబ్బు చేస్తే మందుల ఖర్చు. ఆ లెక్కతోనే ఆయన ఇంతదూరం వచ్చారు. పెద్దవాళ్ల మాటకు విలువివ్వాలని నేనూ గట్టిగా నమ్ముతాను. కానీ మీరు చేస్తున్నది విలువివ్వడం ఎలా అవుతుంది? ఆయనకు గిట్టవని రాశారు గానీ, వద్దన్నారని ఎక్కడా రాయలేదు. అసలు అడిగితే కదా! ఆయన తరఫున ఆయన కోపం కూడా మీరే ఊహించేసుకుని మూడేళ్లుగా భయపడుతున్నారు.

ముందు మీ ఆవిడతో మాట్లాడండి. ‘ఆ రోజు నీ మీదికి నెట్టేశాను, తప్పు నాదే’ అంటే చాలు. దాని వెనకాల ‘కానీ’ తగిలించకండి. చీరా పూలూ తేకండి. తెస్తే వాటిని ఎవరు పంపారని చెప్పాలో అని మళ్లీ ఆమెకే టెన్షన్.

తర్వాత నాన్నగారితో. ఆమెను పక్కన నిలబెట్టి పంచాయతీ పెట్టకండి. హాల్లో కూర్చుని, వంటింట్లోకి వినపడేలా చెప్పండి. ఆ మాట ఆమె విన్నది అక్కడి నుంచే కదా. ‘నాన్నా, నుమాయిష్‌కి తను పట్టుబట్టలేదు, నేనే తీసుకెళ్లాను. ఇకమీదట కూడా వారానికోసారి బయటికి వెళ్తాం. చెప్పే వెళ్తాం. ఆ రాత్రికి మాకు వండొద్దని అమ్మకు ముందే చెప్తాం.’ గొంతు పెంచక్కర్లేదు, పర్మిషన్ అడిగినట్టూ ఉండకూడదు. ఇంటి ఖర్చులో మీ వంతు సరిగ్గా ఇస్తున్నప్పుడు ఐస్‌క్రీమ్ బిల్లు ఎవరికీ అప్పజెప్పనక్కర్లేదు. మీ అమ్మగారికి ఇదేమీ కొత్త వార్త కాకపోవచ్చు. నిండు కడుపులతో పీట మీద కూర్చుని మెతుకులు కెలుకుతున్న ఇద్దర్ని మూడేళ్లుగా చూస్తూ ఆవిడ ఏమీ కనిపెట్టలేదంటే నేను నమ్మను.

కొందరు ఇలాంటప్పుడు పాపపరిహారంగా ప్రతి షికారుకీ అమ్మానాన్నల్ని వెంటేసుకుంటారు. ఆ పని చేయకండి, అది మీ ఇద్దరి సమయం. వాళ్లకు వేరే రోజు పెట్టండి. సాలార్‌జంగ్ మ్యూజియం బాగుంటుంది, శుక్రవారం మాత్రం సెలవు. అక్కడి పెద్ద గడియారంలోంచి బుల్లి బొమ్మ బయటికొచ్చి ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొడుతుంది. మధ్యాహ్నం 12కి ముందే వెళ్లి కూర్చోబెట్టండి. ఒకే టికెట్‌కి పన్నెండుసార్లు గంట విన్నామంటే మీ నాన్నగారికి గిట్టుబాటుగానే అనిపిస్తుంది.

ఆయన కోప్పడొచ్చు. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. ఆ రెండు రోజులూ కాఫీ గ్లాసు మీరే పట్టుకెళ్లి ఇవ్వండి, ఆమె చేత పంపకండి. మీరు చెప్పిన మర్నాడే ఆమె బండెక్కుతుందని కూడా అనుకోకండి. ఈసారి మీరు మాట మీద ఉంటారా లేదా అని కొన్నాళ్లు చూస్తుంది. చూడనివ్వండి. బయల్దేరిన రోజు ఎక్కడికి వెళ్లాలన్నది నన్ను కాదు, ఆమెను అడగండి.