స్తంభం వంగితే 'వక్రీకరణ' అనొచ్చా?

సందేహం: కొత్తగ వైడ్ యాంగిల్ లెన్స్ కొన్న. వేయిస్తంభాల గుడి ఫొటో తీస్తే అంచులల్ల స్తంభాలు బయటికి ఉబ్బినట్టు వంగినయి. 'వక్రీకరణ' అంటే మా దోస్తు అది పేపరు మాట అని నవ్విండు. ఏమనాలె? సరిచేసుడుకు తెలుగు మాట ఉన్నదా? (ఒక పాఠకుడు, హన్మకొండ)

సమాధానం: మీరన్నదాంట్ల నవ్వేటందుకు ఏం లేదు. 'నా మాటల్ని వక్రీకరించిన్రు' అని టీవీల రోజూ విని విని ఆ మాటకు అబద్ధం అనే అర్థం ఒక్కటే మిగిల్చినం, తప్పు మనది. వక్రం కానిదాన్ని వక్రం చేసుడే వక్రీకరణ. రుద్రదేవుడు 1163ల కట్టించిన గుడి స్తంభం నిటారుగనే ఉన్నది, వంచింది లెన్స్, ఇంతకన్న సరిగ్గ ఆ మాట ఎక్కడ కుదురుతది?

వక్రం అనంగనే నాకు మన బమ్మెర పోతన దశమస్కంధంల కుబ్జ యాదికొస్తది. మూడుచోట్ల వంగిన మనిషి, అందుకే భాగవతంల ఆమె పేరే త్రివక్ర. కృష్ణుడు ఆమె పాదాల కొసలు తన కాలితోని తొక్కిపట్టి, గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి పైకెత్తంగనే నిటారుగ నిలబడ్డది. సంస్కృత మూలంల ఆ పనికి 'ఋజ్వీం కర్తుం' అని ఉన్నది, ఋజుమార్గం అంటం సూడుండ్రి, ఆ ఋజువే, తిన్నగ చేసుడు అని. ఆ లెక్కన మీరు అడిగింది ఋజూకరణ, కాని అది నోటికి పట్టది. మన దిక్కు 'సక్కగ పో' అంటే తిన్నగ పొమ్మని గద, అందుకని చక్కదిద్దుడు అనుండ్రి, ఇంట్ల ఇంత మంచి మాట పెట్టుకొని 'కరెక్షన్ చేసిన' అని రాస్తే నాకు పానం సివుక్కుమంటది.

బయటికి ఉబ్బితే పీపా వంపు, దూరంవి దగ్గరగ చూపెట్టే టెలీ లెన్సులల్ల లెక్క లోపలికి గుంజుకపోతే దిండు వంపు అనొచ్చు. లెన్స్ అంటే లాటిన్‌ల మసూరుపప్పు గింజ, బడి పుస్తకాల కటకానికి కడియం అనే అర్థం కూడ ఉన్నది.

ఒక్కటి మాత్రం కలపకుండ్రి. కెమెరా పైకెత్తి కోట తోరణం తీస్తే స్తంభాలు పైకి పోంగపోంగ దగ్గరైతయి, అక్కడ గీత వంగలే, ఒరిగింది. దాన్ని ఒరుగుడు అనాలె, వక్రీకరణ అంటే నేనొప్ప. ఉబ్బిన స్తంభానికైతే వక్రీకరణ, వంపు రెండూ నడుస్తయి, నాకు రాతల మొదటిది, మాటల రెండోది బాగనిపిస్తది. సాఫ్ట్‌వేర్‌ల లెన్స్ ప్రొఫైల్ (ఏ లెన్స్ ఎంత వంచుతదో చెప్పే లెక్క) పెట్టి చక్కదిద్దితే అంచులు కొంత కోతకు పోతయి, తీసేటప్పుడే చుట్టూ జర జాగ ఇడువుండ్రి.