పాత బొలెరో పికప్‌కు అరవై వేలతో ఏం చేయించాలి?

అమలాపురం మిత్రులకు నమస్కారం. 2009 నాటి బొలెరో పికప్‌లో భీమవరానికి చేపల ట్రేలు తోలుతున్నారనీ, హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయనీ, ఉన్న 60,000 రూపాయలతో అల్లాయ్ చక్రాలు, ఎల్ఈడీ బార్, వెనుక అదనపు కమాను పట్టీ వేయించాలనుకుంటున్నారనీ రాశారు. అల్లాయ్ చక్రాల మాట ప్రస్తుతానికి మరచిపోండి.

ట్రేల నుంచి కారే ఉప్పునీరు చాసిస్‌ను (బండి అడుగు చట్రాన్ని) లోపలి నుంచి తినేస్తుంది కాబట్టి, ముందుగా బండిని ఎత్తించి, వెనుక కమాను కట్టు బిగించే చోట చిన్న సుత్తితో తట్టి చూడండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది, అక్కడ స్క్రూడ్రైవర్ దిగబడితే వెల్డింగ్ తప్పదు. మంచినీటితో బాగా కడిగించి, పూర్తిగా ఆరాకే తుప్పు నిరోధక పూత వేయించాలి. తడి మీద వేస్తే తుప్పును లోపల పెట్టి మూసినట్టే.

మసక వెలుతురుకు కారణం చాలాసార్లు బల్బు కాదు, స్విచ్చు గుండా వెళ్లే పాత వైర్లలో పడిపోయే వోల్టేజీ. ఫ్యూజు, రిలేలతో (రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు) బ్యాటరీ నుంచి నేరుగా లైను తీయించి, పాత 60/55 వాట్ల బల్బులనే ఉంచండి. ఎల్ఈడీ బార్ ఏటిగట్టు మీద ఎదురొచ్చేవారి కళ్లు మూయిస్తుంది.

అదనపు పట్టీ వేసినంత మాత్రాన ఆర్‌సీలోని బరువు పరిమితి పెరగదు. పైగా బరువును బట్టి వెనుక బ్రేకు ఒత్తిడిని సర్దే వాల్వు మీ బండికి ఉంటే, అదనపు పట్టీతో వెనుక భాగం లేచినందువల్ల అది బండి ఖాళీగా ఉందనుకొని ఒత్తిడి తగ్గిస్తుంది. అందుకే అరిగిన పట్టీలనూ వాటి కీళ్లలోని బుష్‌లనూ మార్పించి, మిగిలిన సొమ్ము బ్రేకు లైనర్లకూ టైర్లకూ పెట్టండి.