ఎండకు సన్నాయి శ్రుతి ఎందుకు పెరుగుతుంది? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పెళ్లిళ్ల సీజన్ కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పాటల గురించే ఉన్నాయి. బెజవాడలో ఏ వీధిలోకి వెళ్లినా మైకు సెట్టో సన్నాయో వినపడుతూనే ఉంది మరి. నాకు చాలా ఇష్టమైన విషయం కాబట్టి ఈ నెల మిగతావన్నీ పక్కనపెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

మా నాన్నగారు సన్నాయి వాయిస్తారు, నేను డోలు. ఏసీ హాల్లో కీబోర్డుతో చక్కగా కలిసిన సన్నాయి, మే నెల మధ్యాహ్నం షామియానా కింద వాయిస్తే శ్రుతి పైకి పోతోంది. కీబోర్డు అబ్బాయి తప్పు మాదే అంటున్నాడు. నాన్నగారికి చెవి మందగించిందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. – గుంటూరు నుంచి ఒక డోలు కళాకారుడు

నాన్నగారి చెవికి ఏమీ కాలేదు బాబూ, తేడా ఎండ వల్ల వచ్చింది. సన్నాయిలో నిజంగా మోగేది కర్ర కాదు, దాని లోపలున్న గాలి. గాలి వేడెక్కితే అందులో శబ్దం వేగం పెరుగుతుంది, గొట్టం పొడవు మాత్రం మారదు, కాబట్టి అదే రంధ్రం మూసి ఊదినా స్వరం కాస్త పైన పలుకుతుంది. 24 డిగ్రీల ఏసీ హాల్లో శబ్దం సెకనుకు దాదాపు 346 మీటర్లు పోతే, 42 డిగ్రీల ఎండలో దాదాపు 356 మీటర్లు పోతుంది. అంటే సుమారు 3 శాతం తేడా. కీబోర్డు మీద ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ ఉన్న తేడా 6 శాతానికి కాస్త తక్కువ, అంటే లోపలి గాలి పూర్తిగా బయటి వేడికి వచ్చేస్తే సన్నాయి అర మెట్టు జరిగిపోతుందన్నమాట. ఊదే ఊపిరి ఎలాగూ వెచ్చగా ఉంటుంది కాబట్టి ఏసీలో కూడా లోపలి గాలి కొంత వేడెక్కుతుంది, అందుకని అసలు తేడా అంత రాదు, అయినా చెవికి స్పష్టంగా తెలిసేంత వస్తుంది. కీబోర్డుకు మాత్రం ఎండైనా వానైనా ఒకటే, అందులో శ్రుతిని ఎలక్ట్రానిక్ గడియారం నడుపుతుంది. ఇంకో సంగతి, అదే పందిట్లో వయొలిన్ ఉంటే దాని తీగలు వేడికి సాగి శ్రుతి కిందికి దిగుతుంది. ఒకటి పైకి, ఇంకొకటి కిందికి! మీ డోలు సంగతి మీకే బాగా తెలుసు, పొడి ఎండకు తోలు బిగుస్తుంది, వాన గాలికి వదులవుతుంది.

ఇంతకాలం మీ నాన్నగారు పెదవుల బిగువుతో, ఊపిరితో ఆ తేడాను సర్దుతూనే ఉండి ఉంటారు, మంచి విద్వాంసులు అది ఆలోచించకుండానే చేస్తారు. ఆ కష్టమంతా ఆయన ఒక్కరి మీదే ఎందుకు? సన్నాయిని ఓ అరగంట ముందే పందిట్లో ఉంచి, కాసేపు ఊది, అప్పుడు కీబోర్డు అబ్బాయిని తన శ్రుతి మార్చుకోమనండి. చాలా కీబోర్డుల్లో ఫైన్ ట్యూనింగ్ ఉంటుంది, సెకనుకు 440 కంపనాల దగ్గరున్నదాన్ని కొద్దికొద్దిగా పైకి జరపొచ్చు. కదలగలిగిన వాద్యమే కదలాలి.

ఆటోట్యూన్ వేసి పాడటం మోసం కాదా మాస్టారూ? నేను సంగీతం నేర్చుకుంటున్నాను, రోజూ ఉదయం ఐదింటికి లేచి సాధన చేస్తాను. మా కాలేజీ ఫంక్షన్‌లో శ్రుతి తెలియని వాళ్లు రికార్డు చేసిన పాటకే ఎక్కువ చప్పట్లు పడ్డాయి. – విజయవాడ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని

నీ బాధ నాకు అర్థమైందమ్మా. ముందు ఆటోట్యూన్, అంటే జారిన స్వరాన్ని సరిచేసే ఆ కంప్యూటర్ ప్రోగ్రామ్, ఎక్కడ పుట్టిందో చెప్తాను, వింటే ఆశ్చర్యపోతావు. దాన్ని తయారుచేసిన ఆండీ హిల్డెబ్రాండ్ మొదట చమురు అన్వేషణ రంగంలో పనిచేసిన ఇంజనీరు. మన కృష్ణా గోదావరి బేసిన్‌లో గ్యాస్ కోసం వెతికేటప్పుడు భూమిలోకి శబ్ద తరంగాలు పంపి, లోపలి రాతి పొరల నుంచి తిరిగొచ్చే ప్రతిధ్వనులను రికార్డు చేసి లెక్కలు కడతారు చూడు, అమెరికాలో ఆయన చేసింది సరిగ్గా అలాంటి లెక్కలే. ఆ లెక్కల్లో ఒకటి ఏమిటంటే, ఒక తరంగాన్ని కాస్త పక్కకు జరిపి, దాని మీదే పెట్టి ఎక్కడ కలుస్తుందో చూడటం. గొంతుకు కూడా అది పనికొస్తుంది. నువ్వు ఒక స్వరం నిలబెడితే నీ గొంతు తరంగం మళ్లీ మళ్లీ అదే ఆకారంలో వస్తుంది, సెకనుకు 220 సార్లు వస్తే అదే నీ స్వరం. కంప్యూటర్ దాన్ని కనిపెట్టి, దగ్గర్లో ఉన్న మెట్టు మీదికి లాగుతుంది. ఈ ఆలోచన అంతకుముందూ ఉంది కానీ లెక్క చాలా పెద్దది, హిల్డెబ్రాండ్ దాన్ని చిన్నది చేసి 1997లో ఆటోట్యూన్ బయటికి తెచ్చారు. మరుసటి ఏడాదే, 1998లో, షేర్ అనే గాయని పాటలో దాన్ని కావాలనే అతిగా వాడి గొంతును మెట్లు మెట్లుగా విరగ్గొట్టారు, జనానికి అది తెగ నచ్చేసింది.

ఇక మోసమా అంటే, నా మాట సూటిగా చెప్తాను. అద్భుతంగా పాడిన పాటలో ఒక్క చోట జారిన స్వరాన్ని సరిచేస్తే నాకు అభ్యంతరం లేదు. గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల గారి రోజుల్లో అయితే వాద్యాలన్నీ, గాయకుడూ కలిసి ఒకేసారి రికార్డు చేసేవాళ్లు, ఎవరు తప్పినా మళ్లీ మొదటి నుంచి. ఆ శ్రమ ఇప్పుడూ పడాల్సిందే అని నేననను. నాకు నిజంగా బాధ కలిగించేది వేరే. మన గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పాడటం, మెట్ల మీద ఉండదు, మెట్ల మధ్యలో ఉంటుంది. తోడి రాగంలో గాంధారం (గ స్వరం) ఎక్కడ నిలబడుతుందో నువ్వే ఒకసారి పాడి చూసుకో, అది ఊగుతూనే ఉంటుంది. ఆ మెషీన్‌ను గట్టిగా పెడితే ఆ ఊపును తప్పు అనుకుని పన్నెండు మెట్లలో ఏదో ఒక దానికి లాగి కట్టేస్తుంది. పాట మిగులుతుంది, రాగం పోతుంది. కొత్త పాటల్లో కొన్ని వింటుంటే నాకు ఒళ్లు మండేది అందుకే. నీ ఐదింటి సాధన ఎక్కడికీ పోదు, ఆ గమకం నీకు వచ్చు, దానికి రాదు.

మా ఫ్లాట్ వెనక ఫంక్షన్ హాల్ ఉంది. తలుపులూ కిటికీలూ అన్నీ మూసినా దబ్ దబ్ మని గుండెల్లో కొట్టినట్టు మోత వస్తుంది, పాట మాత్రం ఒక్క ముక్క వినపడదు. ఎందుకండీ ఇలా? – పటమట నుంచి ఒక గృహిణి

పాటలో బేస్, అంటే గంభీరంగా మోగే కింది స్థాయి శబ్దాల, అలలు చాలా పొడవు. సెకనుకు 60 సార్లు కంపించే శబ్దం అల పొడవు దాదాపు 5.8 మీటర్లు, అంటే మీ గది కన్నా పెద్దది. 3,000 సార్లు కంపించే శబ్దం అల అర జానెడే. గోడ బరువైనది కాబట్టి వేగంగా ఊగలేదు, చిన్న అలలను ఆపేస్తుంది, నెమ్మదిగా వచ్చే పెద్ద అలకు మాత్రం కాస్త ఊగి అటు నుంచి ఇటు దాటించేస్తుంది. పైగా పెద్ద అలలు భవనాల మూలలు తిరిగి మరీ వస్తాయి. మాటను మాటగా తెలిపే స, ట, క లాంటి శబ్దాల బలమంతా పై కంపనాల్లోనే ఉంటుంది, అవి దారిలోనే పోతాయి. అందుకే మీకు దబ్ దబ్ మిగిలింది, సాహిత్యం మాత్రం వాళ్ల దగ్గరే ఉండిపోయింది. పరదాలు, దూది పలకలు బేస్‌ను ఆపవు, దయచేసి వాటికి డబ్బు పెట్టకండి.

చట్టం మీ వైపే ఉంది. 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. పండగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా, అర్ధరాత్రి 12 దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు, అంతే. నివాస ప్రాంతంలో పరిమితి పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. మొహమాటపడకుండా 112కి ఫోన్ చేయండి. ఊరేగింపుల్లో డీజే బాక్సుల పక్కనే పిల్లల్ని భుజాన ఎత్తుకుని నిలబడే తండ్రులకు కూడా ఇక్కడే ఒక మాట: 85 డెసిబెల్స్ మోత 8 గంటలు వినొచ్చు అనుకుంటే, 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ టైమ్ సగమైపోతుంది, 100 దగ్గర పావుగంటే. లోపలి చెవిలో చచ్చిపోయిన కణాలు మళ్లీ పుట్టవు. పిల్లల్ని దూరంగా తీసుకెళ్లండి.

మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ, హాస్టల్లో ఉంటున్నాడు. జ్ఞాపకశక్తి పెంచే సంగీతం అంటూ ఒకాయన పెన్‌డ్రైవ్ 2 వేలకు అమ్ముతున్నాడు. కొనమంటారా? – తెనాలి నుంచి ఒక తండ్రి

వద్దండి. ఈ నమ్మకానికి మూలం 1993లో అమెరికాలో జరిగిన ఒక చిన్న ప్రయోగం. 36 మంది కాలేజీ విద్యార్థులకు మొజార్ట్ అనే పాశ్చాత్య స్వరకర్త సంగీతం పది నిమిషాలు వినిపిస్తే, కాగితం మడిచి కత్తిరిస్తే ఏ ఆకారం వస్తుందో ఊహించే లాంటి పరీక్షలో కాస్త మెరుగ్గా చేశారు. అదీ పది పదిహేను నిమిషాల పాటే. జ్ఞాపకశక్తి గురించి అందులో ఏమీ లేదు. 1998లో జార్జియా రాష్ట్ర గవర్నర్ పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ సంగీతం పంచుతామని బడ్జెట్‌లో పెట్టేదాకా వెళ్లింది వ్యవహారం. మరుసటి ఏడాది ఇంకో ప్రయోగంలో తేలిందేమంటే, ఇష్టమైన కథ వినిపించినా అదే ఫలితం వస్తుంది, మనసు హుషారైతే చాలు. ఇంకో విషయం, చదివేటప్పుడు మాటలున్న పాట వింటే గుర్తుపెట్టుకోవడం తగ్గుతుంది, ఎందుకంటే చదువుతున్న మాటలూ వింటున్న మాటలూ మెదడులో ఒకే చోటు కోసం పోటీ పడతాయి. ఆ రెండు వేలతో ఆదివారం వెళ్లి బాబును బయటికి తీసుకెళ్లండి, వాడికి నచ్చిన పాటలు కారులోనో బస్సులోనో కలిసి వినండి.

ఒక పాట మూడు రోజులుగా బుర్రలో తిరుగుతోంది, నిద్ర పట్టట్లేదు! – మంగళగిరి నుంచి ఒక పాఠకుడు

చూయింగ్ గమ్ నమలండి. నిజంగానే అంటున్నాను, ఇంగ్లండ్‌లోని రీడింగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో పరీక్షించి చెప్పారు. మనసులో పాడుకునేటప్పుడు కూడా మాట్లాడే యంత్రాంగం కొంత పనిచేస్తుంది, దవడకు వేరే పని పెడితే ఆ పాట సడలుతుంది. అది కుదరకపోతే పాటను పల్లవి దగ్గర ఆపకుండా చివరి చరణం దాకా పాడేసి చూడండి.

మా చెల్లి మృదంగం నేర్చుకుంటోంది. డప్పు కొడితే మోతే వస్తుంది, మృదంగం కొడితే స్వరం ఎలా పలుకుతుంది? – గుంటూరు, బ్రాడీపేట నుంచి

ఇదే ప్రశ్న సి.వి.రామన్‌కు వచ్చింది. ఆయన బాల్యం, స్కూలు చదువు చాలావరకు విశాఖపట్నంలోనే, నాన్నగారు అక్కడి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. మామూలు చర్మం కొడితే అందులో పుట్టే పై స్వరాలు అసలు స్వరానికి 1.59 రెట్లు, 2.14 రెట్లు, ఇలా పొసగని లెక్కలో ఉంటాయి, చెవికి అది మోతగా తోస్తుంది. మృదంగం కుడివైపు నల్లటి ముద్ద ఉంటుంది చూశారా, రాతి పొడి, అన్నం కలిపి పొరలు పొరలుగా రుద్ది ఆరబెట్టింది, అది మధ్యలో బరువు పెంచి ఆ లెక్కను సరిచేస్తుంది. అప్పుడు 1, 2, 3, 4, 5 రెట్లు, తీగ వాద్యాల్లో లాగా. రామన్ చర్మం మీద సన్నటి ఇసుక చల్లి, కొట్టినప్పుడు అది ఏ గీతల మీద పోగవుతుందో చూసి దీన్ని వివరించారు. 1920లో నేచర్ పత్రికలో మొదట రాశారు, 1935లో ఇంకా వివరంగా. ఆయనకన్నా ఎన్నో తరాల ముందు, ఏ గణితమూ రాసుకోకుండా, చెవితోనే ఆ ముద్ద ఎంత మందం ఉండాలో కనిపెట్టిన మన మృదంగం చేసేవాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

ఎడమవైపు కథ వేరే, అక్కడ కచేరీ ముందు తడిపిన రవ్వ ముద్ద అంటిస్తారు, శబ్దం గంభీరంగా కిందికి దిగడానికి. మీ చెల్లి వాళ్ల మాస్టారిని అడిగి, ముద్ద పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి కొట్టించి వినండి.