బిట్‌కాయిన్‌లో రద్దీ పెరిగితే బ్లాక్ సైజు పెంచేస్తే సరిపోదా?

సరిపోదు. పెంచి చూసినవాళ్లు ఉన్నారు. 2017 ఆగస్టు 1న బిట్‌కాయిన్ నుంచి విడిపోయి బిట్‌కాయిన్ క్యాష్ పెట్టుకుని, బ్లాకును, అంటే లావాదేవీలను కట్టగా నమోదు చేసే పెట్టెను, 8 ఎంబీ చేసుకున్నారు. చోటు బోలెడుంది, ఎక్కే జనమే లేరు. నా బాధ వేరు, అది చెబుతాను.

ఆ ఏడాదంతా నేను బయటి దేశాల వాళ్లకు లోగోలు సరిచేసి, ఫొటోల బ్యాక్‌గ్రౌండ్ తీసి పెడుతూ బిట్‌కాయిన్‌లో డబ్బు తీసుకున్నాను. ఒకరు అయిదు డాలర్లు, ఒకరు పది. మొత్తం 43 సార్లు వచ్చింది, కలిపితే 0.11 బిట్‌కాయిన్. డిసెంబరు 17న ధర దాదాపు 20 వేల డాలర్లు కాగానే ఆ చిల్లరే లక్షా ముప్పై వేల రూపాయలు దాటింది. ఊళ్లో నాన్న బోరు వేయిస్తున్నాడు, లక్ష పంపిస్తానని గొప్పగా చెప్పేశాను.

రూపాయల్లోకి మార్చుకుందామని ఎక్స్‌చేంజికి పంపబోతే వాలెట్ చూపించిన ఫీజు ముప్పై వేల పైచిలుకు!

ఫీజు ఎంత డబ్బు పంపుతున్నామన్నదాన్ని బట్టి ఉండదు, లావాదేవీ ఎన్ని బైట్లన్నదాన్ని బట్టి ఉంటుంది. వచ్చిన ప్రతి చిన్న మొత్తమూ విడిగా ఒక ముక్క, పాత రకం అడ్రసులో ఒక్కోదానికి 148 బైట్లు. నాకు 43 ముక్కలు. బండి కొనడానికి రూపాయి బిళ్ళల మూట తీసుకెళ్తే షోరూమువాడు లెక్కపెట్టే కూలి కూడా అడిగినట్టు. కోటి రూపాయలు ఒకే ముక్కగా ఉన్నవాడు నాలో ముప్పయ్యో వంతు ఫీజుతో వెళ్లిపోతాడు.

మనసొప్పక బైటుకి 60 సతోషీలు (బిట్‌కాయిన్‌లో పది కోట్లో వంతు ఒక సతోషీ) పెట్టి పంపేశాను. అప్పటికి జనం నాలుగైదు వందలు పెడుతున్నారు. పది నిమిషాలకో బ్లాకు, క్యూలో లక్షకు పైగా లావాదేవీలు. సంక్రాంతికి ప్రైవేటు బస్సువాడికి మామూలు రోజుల రేటు ఇస్తానంటే ఎక్కించుకుంటాడా?

"పంపావురా?" అని నాన్న ఫోన్.

"పంపాను నాన్నా, దారిలో ఉంది."

"దారిలో ఉండటమేంట్రా, మనియార్డరా?"

22న ధర 13 వేల కిందికి జారింది. ఫీజు పెంచి మళ్లీ పంపుదామంటే నా వాలెట్లో ఆ సౌకర్యం ఆన్ చేసి లేదు. ఎక్స్‌చేంజికి ఆరు మెయిళ్లు పెడితే ఆరింటికీ ఒకటే జవాబు, దయచేసి వేచి ఉండండి. లావాదేవీకి పట్టే చోటు తగ్గించే సెగ్‌విట్ ఆగస్టులోనే వస్తే నాలుగు నెలలైనా వాళ్లు దాన్ని పెట్టుకోలేదు. విత్‌డ్రాయల్స్ కూడా పది కలిపి ఒకేసారి పంపకుండా ఒక్కొక్కటీ విడిగా పంపేవాళ్లు. నన్నడిగితే ఆ డిసెంబరు రద్దీలో సగం ఇలాంటి బద్ధకం వల్లే.

ఇక బ్లాకు సంగతి. 1 ఎంబీ అయితేనే ఏడాదికి 52 జీబీ పైన. యూపీఐలా సెకనుకు వేల లావాదేవీలు కావాలని వెయ్యి రెట్లు చేస్తే ఏడాదికి 52 టీబీ. అదంతా ఇంట్లో పాత డెస్క్‌టాప్ మీద నోడ్, అంటే లావాదేవీలన్నీ దాచి సరిచూసే ప్రోగ్రామ్, నడిపేవాడు మోయాలి. మోయలేక మానేస్తే చివరికి నాలుగు కంపెనీల సర్వర్లే మిగులుతాయి, అప్పుడు యూపీఐ ఉండగా ఇదెందుకు? నాలాంటి పది డాలర్ల బేరాలు అసలు ఆ బ్లాకుల్లోకి వెళ్లకూడదు. వాటికి చిన్న చెల్లింపులను బ్లాకుల బయటే జరిపించే లైట్నింగ్ లాంటి పై పొర ఉండాలి. అది అసలు నెట్‌వర్క్ మీదకు వచ్చింది 2018లో, నా పని అయిపోయాక.

ఇప్పుడు ఫీజు తక్కువున్న ఆదివారాల్లో ముక్కలన్నీ ఒక్కటి చేసి పెట్టుకుంటున్నాను. 2024 ఏప్రిల్ 20న, బ్లాకు కట్టేవాళ్లకిచ్చే కొత్త బిట్‌కాయిన్లు సగమయ్యే హావింగ్ రోజు, రూన్స్ అనే కొత్త టోకెన్ల గోలలో సగటు ఫీజు వంద డాలర్లు దాటితే నేను వాలెట్ తెరవనే లేదు.

బోరుకు ఫ్రెండ్ దగ్గర అప్పు చేసి పంపాను. జనవరి మొదటి వారంలో నీళ్లు పడ్డాయి. నా లావాదేవీ కన్ఫర్మ్ అయ్యేసరికి సంక్రాంతి దాటింది, ధర 11 వేలకు అటూ ఇటూ ఉంది. నాన్న ఇప్పటికీ ఎవరైనా డబ్బు ఆలస్యం చేస్తే "దారిలో ఉందటలే" అంటాడు.